కంటి మీద పెదవి

నాంచారమ్మ కంట్లో గొట్టం మళ్లీ బయటపడింది.

రెప్ప పైకెత్తి సూక్ష్మదర్శినిలోంచి చూస్తే తెల్లగుడ్డు పైభాగాన, గుండుసూది తలంత మేర, పొర అరిగిపోయి కింద సిలికాన్ గొట్టం తళుక్కుమంటోంది. డాక్టర్ మందాకిని ఒక నిట్టూర్పు విడిచి కుర్చీలో వెనక్కి జారగిలబడింది. నాంచారమ్మకి ఉన్నది ఈ కుడికన్ను ఒక్కటే. ఎడమది నీటికాసుల జబ్బుకి ఎప్పుడో ఆరిపోయింది.

కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారి మూసుకుపోతే ఒత్తిడి పెరిగి చూపు నరం చచ్చిపోతుంది. అదే నీటికాసులు. మందులకు లొంగకపోతే ఆ నీటిని బయటికి తోడడానికి వెంట్రుకకన్నా కాస్త లావు గొట్టం ఒకటి కంట్లో అమరుస్తారు. గొట్టం బుద్ధిగా తన పని తాను చేసుకుపోతుంది. పేచీ అంతా దాని మీద కప్పిన పొరతోనే. రెప్ప కొట్టినప్పుడల్లా రాసుకుని రాసుకుని కొందరిలో ఆ పొర అరిగి గొట్టం బయటపడుతుంది. ఇక ఏ సూక్ష్మక్రిమి అయినా ఆ దారినే లోపలికి పోయి కన్నుని కుళ్లబెట్టేయవచ్చు. దానం చేసిన కళ్లలోంచి తెల్లపొర తీసి అతుకు వేస్తే, ఆ అతుకూ కొన్నాళ్లకు కరిగిపోయేది.

అందుకే మందాకిని బతికున్న అతుకు తయారుచేసింది. రోగి పెదవి లోపలి నుంచి చిటికెడు చర్మం తీసి, ల్యాబ్‌లో పలచటి పొర మీద పెంచి, గొట్టం మీద కప్పి కుట్టేది. అన్నం తింటూ చెంప కొరుక్కుంటే రెండు రోజుల్లో దానంతటదే మానిపోదూ, ఇదీ అంతే. అరిగినంతా మళ్లీ పెరుగుతుంది. చాలామందిలో అది నిలిచింది. కొందరిలో మాత్రం ఏ కారణమూ లేకుండా చిక్కిపోయి చిరిగేది. వయసు కాదు, షుగరు కాదు, మందుల్లో అశ్రద్ధా కాదు. ఎందుకో ఎంత తల బద్దలు కొట్టుకున్నా ఆవిడకి అంతు చిక్కలేదు.

"చుక్కల మందు వేసుకుంటున్నారా నాంచారమ్మ గారూ?"

నాంచారమ్మ తలూపింది. పెడనలో కలంకారీ అద్దకం షెడ్డులో పని ఆవిడది. యాభై దాటి ఉంటాయి. జుట్టు గట్టిగా ముడేసుకుని, దేవుడి ముందు కూర్చున్నట్టు కూర్చుంది.

"నలపలేదు కదా?"

తల అడ్డంగా ఊగింది.

"గుచ్చుకోవడం ఎప్పటి నుంచి?"

దీనికి తలతో చెప్పే జవాబు లేదు. ఆవిడ చేత్తో గాల్లో ఏదో గీసింది. మందాకినికి బోధపడకపోయేసరికి తన పెదవి తాకి, ఏమంటారన్నట్టు చూసింది.

"పెదవి ఇంకా నొప్పిగా ఉందా? మరి మాట్లాడరేం?"

నాంచారమ్మ నోరు తెరిచింది కానీ గొంతు రాలేదు. రెండుసార్లు సవరించుకున్నాక బొంగురుగా వచ్చింది.

"మాట్టాడొచ్చాండీ? మీరు చెప్పేదాకా పెదవి కదపొద్దన్నారు గదండీ."

పెదవి కోసిన ప్రతివాళ్లకీ మందాకిని చెప్పే మాటే అది. కుట్లు ఊడతాయి, నేను చెప్పేదాకా మాట్లాడొద్దు అనేది. వారం పోయాక వస్తే కుట్లు తీసి, ఇక మాట్లాడండి అనేది. నాంచారమ్మ కుట్లు తీయించుకోవడానికి వచ్చిన రోజున మందాకిని ఊళ్లో లేదు. జూనియర్ కుట్లు తీసి పంపించాడు. ఆ రెండో మాట ఎవరూ చెప్పలేదు. అప్పుడు దసరా రోజులు. ఇప్పుడు శివరాత్రి కూడా వెళ్లిపోయింది.

"ఇన్నాళ్లూనా? ఎందుకు మాట్లాడవని ఎవరూ అడగలేదా?"

"అడిగేదానికి ఎవరున్నారండీ? మా ఆయన పోయి సానా కాలమైంది, పిల్లల్లేరు. కన్ను బాగయ్యేదాకా షెడ్డుకి రావద్దన్నారు. పాలాయనకి ఏలు చూపిత్తే చాలు. కొట్టుకాడ సంచీ పెడితే ఆళ్లే సరుకులు ఏసిత్తారు." కాసేపు ఆలోచించి, "ఏం ఇబ్బంది కాలేదండీ," అంది, పథ్యం బాగా చేశానన్న తృప్తితో.

ఒక మనిషి దసరా నుంచి శివరాత్రి దాకా మాట్లాడకపోయినా లోకంలో ఎవరికీ లోటు రాలేదు.

ఆ సాయంత్రం మందాకిని ల్యాబ్‌కి వెళ్లి, అతుకులు పెంచే గాజు పళ్లేల ముందు చాలాసేపు నిలబడింది. వాటి ఆలనా పాలనా చూసే టెక్నీషియన్ ఎస్తేరుకి నోరు ఊరుకోదు. పళ్లెం మార్చినా, మూత తీసినా, "ఏరా బంగారం, నిన్నటికంటే ఒళ్లు చేశావే" అంటూ వాటితోనే ముచ్చట్లు. ఎస్తేరు బల్ల మీది అతుకులు దళసరిగా పెరిగేవి. మాటా పలుకూ లేని వెనకగదిలోవి పీలగా ఉండేవి. అందరూ దాన్ని ఎస్తేరు చేతి చలవ అని నవ్వుకునేవాళ్లు.

"ఎస్తేరూ, రేపట్నుంచి ఈ సగం పళ్లేల దగ్గర నోరు మెదపకుండా పని చెయ్యాలి."

"జీతం కోసేయండి మేడం, అది నయం," అంది ఎస్తేరు.

అయినా చేసింది. నెల తిరక్కుండానే ఆ సగం చిక్కిపోయాయి.

మాట్లాడేటప్పుడు చెంప ఎముక మీద వేలు పెట్టి చూసుకుంటే సన్నగా అదురుతుంది. ఆ అదురు కంటిగూడు దాకా పాకుతుంది. పెదవిలో పుట్టిన కణాలు పుట్టిన దగ్గర్నుంచీ ఆ అదురులోనే బతికాయి. కంటి మీదికి తెచ్చి పెట్టినా వాటికి అదే తిండి. మందాకిని వెతికిన కారణం అదీ.

కారణం దొరికాక విరుగుడు ఎంతసేపులే అనుకుంది. అక్కడే బొక్కబోర్లా పడింది. చెంపకి అదిరే బిళ్ల ఒకటి కట్టి చూసింది. రెండు వారాలు పనిచేసి మానేసింది. రోజూ పేపరు పైకి చదవమంది, స్తోత్రాలు చదవమంది. లాభం లేదు. మాట్లాడే యంత్రాన్ని ఇచ్చి ఇంటికి పంపింది. అది విసుక్కోదు, అలగదు, ఎప్పుడు పిలిచినా పలుకుతుంది. కొన్నాళ్లకి జనం దానితో గోడతో మాట్లాడినట్టే మాట్లాడారు. మనిషి మనిషితో మాట్లాడేటప్పుడు గొంతు ఒక తీరున ఉండదు. ఆగుతుంది, తడబడుతుంది, అవతలివాళ్లు ఏమంటారోనని కాస్త బిగుస్తుంది. అతుక్కి కావలసింది ఆ ఎగుడుదిగుడు. దాన్ని ఏ యంత్రంతోనూ పుట్టించలేకపోయింది.

ఆస్పత్రి డైరెక్టర్ భుజంగరావు గారు మాత్రం ఈ సంగతి విని సంబరపడ్డారు.

"ఇంకేం మందాకినీ, చిక్కు విడిపోయిందిగా. ఒంటరిగా ఉండేవాళ్లకి వెయ్యం. మిగతా అందరికీ నిలుస్తుంది. ఫలితాలు చూసి దేశమంతా మన గుమ్మంలో నిలబడుతుంది."

"ఒంటరివాళ్ల కళ్లు ఏం చేద్దాం సార్?"

"పాత పద్ధతి ఉందిగా. అది నిలిచినన్నాళ్లు నిలుస్తుంది."

ఆనాటి నుంచి ఓపీలో కొత్త ప్రశ్న ఒకటి పుట్టింది: మీతో రోజూ మాట్లాడే మనిషి ఎవరు? ఆ ప్రశ్నకి పెద్ద పెద్దవాళ్లు తలలు దించుకునేవాళ్లు. నూజివీడు నుంచి వచ్చిన రిటైర్డ్ బస్సు కండక్టరు ఒకాయన తడుముకోకుండా "రాజు" అన్నాడు. రాజు మీకేమవుతాడంటే నసిగాడు. తీరా చూస్తే రాజు ఆయన కుక్క. ఆయన్ని కూడా పాత పద్ధతికే పంపించారు.

అన్నాళ్లూ పాత పద్ధతి అతుకు మీద నెట్టుకొచ్చిన నాంచారమ్మ వంతు వచ్చింది. "ఈవిడతో మాట్లాడేదెవరు?" అని అడిగారు భుజంగరావు.

"నేను," అంది మందాకిని.

"నువ్వా?" అన్నారాయన కళ్లద్దాలు తీసి.

ఆయన ఆశ్చర్యపోవడంలో తప్పేం లేదు. మందాకిని రోజు మొత్తం మీద మాట్లాడేది పైకి చూడండి, కిందికి చూడండి, రెప్ప వెయ్యొద్దు, అంతే. ఆస్పత్రి వెనక క్వార్టర్లో ఉంటుంది. క్యాంటీన్ నుంచి వచ్చిన క్యారియర్ తింటుంది, కడిగి గుమ్మం బయట పెడుతుంది. పెళ్లయింది, పోయింది. ఎవరైనా అడిగితే ఆ కథని ఆ రెండు ముక్కల్లోనే తేల్చేసేది. ఆదివారం పొద్దున్న మొదలైన మౌనం సోమవారం ఓపీలో మొదటి రోగిని పిలిచేదాకా సాగేది. దాన్ని ఆవిడ ప్రశాంతత అనుకునేది.

ఆపరేషన్ నాడు నాంచారమ్మ పై పెదవి నుంచి చర్మం తీసి పెంచిన అతుకు సిద్ధంగా ఉంది. కింది పెదవి మచ్చకట్టిపోయింది, ఇక పనికి రాదు. ఇది కూడా పోతే మళ్లీ తీయడానికి చోటు లేదు. మందాకిని అరిగిన పొర అంచుల్ని సాపు చేసి, గొట్టాన్ని కొద్దిగా పక్కకి జరిపి, దిటవైన చోట పడుకోబెట్టి, పైన కొత్త అతుకు పరిచి, కంటికి ఆనని దారంతో చుట్టూ కుట్టింది.

పచ్చగుడ్డ కింద నుంచి నాంచారమ్మ గొంతు వచ్చింది. కన్ను ఒక్కటే మొద్దుబారింది గాని మనిషికి తెలివి ఉంది.

"డాక్టరమ్మా, ఎర్ర అచ్చు ఎయ్యగలనాండీ మళ్లీ?"

"అంటే?"

"ముందు నల్ల గీత అచ్చు ఏత్తారండీ. ఎర్ర అచ్చు ఆ గీత లోపల సరిగ్గా కూకోవాల. పిసరంత తప్పినా పువ్వు ఒకచోట, రంగు ఒకచోట. నాకు వచ్చిన పని అదొక్కటేనండి."

"వేస్తారు," అంది మందాకిని. "కంటి కుట్లు తీసిన రోజు నుంచీ నేనే సాయంత్రం ఫోన్ చేస్తాను. మాట్లాడుకుందాం. అదే మందు."

మొదటి రోజు మందు చేదుగానే ఉంది.

"అన్నం తిన్నారా?"

"తిన్నానండి."

"ఏం కూర?"

"దోసకాయండి."

ఆ తర్వాత ఇద్దరికీ దారి తోచలేదు. ఆ నిశ్శబ్దం భరించలేక మందాకిని ఆ రోజు ఓపీలో ఒక ముసలాయన కళ్లజోడు తలమీద పెట్టుకుని అందరినీ దొంగలన్న సంగతి చెప్పింది. చెబుతుంటే అవతల నుంచి "ఊఁ" అని వినిపించింది. తన మాటకి ఎవరైనా ఊ కొట్టి ఎన్నేళ్లయిందో మందాకినికి గుర్తు రాలేదు.

మర్నాడు ఇంకాస్త చెప్పింది. ఆ మర్నాడు ఇంకాస్త. గుడివాడలో చిన్నప్పటి ఇల్లు, వాళ్ల నాన్న సైకిలు, మెడికల్ కాలేజీలో శవాన్ని చూసి పడిపోయిన వైనం. ఊ కొట్టడంలో నాంచారమ్మది అందెవేసిన చెయ్యి. సంతోషానికి ఒక ఊఁ, అనుమానానికి ఇంకొకటి, మధ్యలో "ఆనకేమైందండీ?" అని అందించేది. రెండు ముక్కల్లో తేలిపోయే పెళ్లి కథ రెండు వారాలు నడిచింది. ఓపీ ఎప్పుడు అయిపోతుందా అని మందాకిని గడియారం చూసుకునేది. నిద్ర బాగా పడుతోంది. "మేడం మొహం కళకళలాడుతోందే," అని ఎస్తేరు కూడా అంది. తాను ఒక రోగికి ఎంత సేవ చేస్తోందో తలుచుకుని మందాకిని లోలోపల కాస్త మురిసిపోయింది.

పరీక్షకి వచ్చిన రోజున మందాకిని నాంచారమ్మ రెప్ప ఎత్తి చూసింది. అతుకు పలచబడింది. చినగలేదు, అంతవరకే నయం. కింద గొట్టం నీలిగీతలా కనిపిస్తోంది.

"ఎందుకిలా అయింది? ఒక్కరోజు కూడా మానకుండా మాట్లాడుకున్నాం కదా."

నాంచారమ్మ కొంగు అంచు సరిచేసుకుంది.

"నిన్న మనం ఏం మాట్లాడుకున్నాం?" అని అడిగింది మందాకిని. అడుగుతుంటేనే ఆవిడ గొంతు తగ్గిపోతోంది.

"మీ ఆయన సామాను తీసుకుపోయిన నాటి సంగతి చెప్పారండి."

"మొన్న?"

"మీ నాన్నగారి జబ్బు సంగతండి."

"మీరేం చెప్పారు?"

"నేనా అండీ? ఊ కొట్టాను."

మందాకిని సూక్ష్మదర్శినిని పక్కకి నెట్టింది.

"డాక్టరు గారు చెబుతుంటే మజ్జిలో నేను నోరెట్టా ఎత్తుతానండీ?" అంది నాంచారమ్మ. "పది రోజుల నుంచీ గుచ్చుకుంటానే ఉంది. చెబుదామనుకున్నానండీ. ఆ రోజు మీరు ఏడుత్తన్నారు. పాపం, చెప్పుకోనీలే, ఆవిడకి మాత్రం ఎవరున్నారు అనుకున్నా."

మందాకినికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. రోగికి రాసిన మందు రోజూ తానే తాగేసింది. పైగా ఆ రోగి ఉన్న ఒక్క కన్నూ పణం పెట్టి, గ్లాసు అందిస్తూ కూర్చుంది.

ఇక కత్తితో చేయగలిగింది ఏమీ లేదు. నాంచారమ్మని వార్డులో చివరి మంచం మీద ఉంచారు. ఆ సాయంత్రం ఓపీ కాగానే మందాకిని స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"ఇవాళ మీరు చెప్పండి."

"నాకాడ ఏముంటాయండీ చెప్పటానికి?"

ఏదో ఒకటి అని ఆ ఖాళీ నింపాలని మందాకినికి నాలుక దురద పెట్టింది. పెదవి పళ్లతో పట్టుకుంది. వార్డుబాయ్ బకెట్‌తో వచ్చి నేల తుడిచి వెళ్లిపోయాడు. పక్కమంచం ఆవిడ కోడలు తెచ్చిన ఇడ్లీ తిని పడుకుంది. నాంచారమ్మ కిటికీ వైపు, తలుపు వైపు, చివరికి మందాకిని వైపు చూసింది.

"చిలకల సంగతి చెప్పనాండీ?"

"ఊఁ."

"కొత్తలో, ఒక తాను మొత్తం చిలకల అచ్చు తలకిందులుగా ఏసేశానండీ. అన్ని చిలకలూ గబ్బిలాల్లాగా యేలాడతన్నయ్యి. మా షావుకారు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. ఎదర బల్ల కాడ మా ఆయన నవ్వాడు. అప్పటికింకా మా ఆయన కాదులెండి."

"ఊఁ."

"ఆయనా అద్దకమే. అచ్చు పెట్టి పైన చేత్తో గుద్దుతాం గదండీ. ఆయన గుద్దు పడ్డాక నా గుద్దు పడాల. మళ్లీ ఆయనది. పొద్దుగూకులూ అంతే. ఇంటికాడ మేం పెద్దగా మాట్టాడుకోలేదండీ. ఏం మాట్టాడుకున్నా బల్లల మీదే." ఆవిడ కాసేపు ఆగింది. గొంతు కాస్త బిగిసింది. "ఆయన పోయాక బల్ల కాడికి ఎల్లాను. అచ్చు గుద్దాను. అటునుంచి పడే గుద్దు కోసం ఆగాను. అట్టా ఆగి ఆగి, ఆ రోజంతా అచ్చులన్నీ తప్పేశాను."

మందాకిని ఊ కొట్టడం మరిచిపోయింది. తర్వాత గుర్తొచ్చి మెల్లగా అంది.

ఆ సాయంత్రం నుంచి మందాకిని నేర్చుకున్న విద్య అదొక్కటే. అందుకు ఆవిడ చాలా కష్టపడింది. చూపుడు వేలు పెదవి మీద పెట్టుకుని కూర్చునేది. నాంచారమ్మకి మొదట్లో మాట కూడదీసుకోవలసి వచ్చేది గానీ, దారి పడ్డాక షావుకారు పిసినారితనం, రంగు ఉడకబెట్టే కాగులు, చెరువులో బట్ట ఉతికేటప్పుడు కాళ్లకి పట్టే జలగలు, అన్నీ వచ్చాయి. అతుకు రోజురోజుకీ గులాబిరంగు తిరిగింది. గొట్టం కనపడకుండా కప్పేసుకుంది. మళ్లీ దసరా వచ్చేసరికి నాంచారమ్మ ఇంటికి వెళ్లింది. వెళ్లిన పదిరోజులకి షెడ్డులో అడుగు పెట్టింది. ఎర్ర అచ్చు గీత లోపలే కూర్చుందని ఫోన్ చేసి చెప్పింది.

"షెడ్డులో అందరితో మాట్లాడుతున్నారా?"

"డాక్టరు చెప్పిందని చెప్పానండీ. ఇప్పుడు నన్ను ఆపలేక చస్తన్నారు."

"అయితే ఇక నేను రోజూ ఫోన్ చేయక్కర్లేదు," అంది మందాకిని. డాక్టరుగా అది సరైన మాటే. ఫోన్ పెట్టేశాక క్వార్టర్ మరీ పెద్దదిగా అనిపించింది.

భుజంగరావు గారు తన నియమాన్ని మార్చలేదు. "మనుషుల్ని ఆస్పత్రి ఎక్కడి నుంచి తెస్తుంది?" అన్నారు. అడిగినదాంట్లో అన్యాయం ఏమీ లేదు. మందాకిని నూజివీడు కండక్టరుని మళ్లీ పిలిపించింది. ఆయనతో మాట్లాడేదెవరని అడిగితే నేనే అంది. తర్వాత కైకలూరు టీచరమ్మ వచ్చింది. ఆమెతోనూ నేనే అంది. మూడో మనిషికి భుజంగరావు గారు అడగడం మానేశారు.

ఇప్పుడు ఆవిడ సాయంత్రాలు ఫోన్ ముందే గడిచేవి. కండక్టరు నలభై రూట్ల స్టాపులన్నీ వరసగా అప్పజెప్పేవాడు. టీచరమ్మ చచ్చిపోయిన చెల్లెలితో తగాదా గురించి చెప్పేది. మందాకిని ఊఁ అనేది. ఒక్కోసారి వాళ్ల మాటల మధ్య తన మాట ఒకటి పెదవి దాకా వచ్చేది. మింగేసేది. అది వాళ్ల మందు. ఒకసారి ఆ దెబ్బ తగిలాక మళ్లీ చెయ్యి చాపే ధైర్యం లేదు. ఫోన్లన్నీ అయిపోయాక క్యారియర్ విప్పి, చల్లారిన అన్నం తిని, గిన్నెలు కడిగి గుమ్మం బయట పెట్టేది. ఒకరోజు అద్దం ముందు నిలబడి, చెంప ఎముక మీద వేలు ఆనించి, "మందాకిని" అని తన పేరు తనే పిలుచుకుంది. వేలు కింద సన్నగా అదిరి ఆగిపోయింది. ఇంకోసారి పిలవాలనిపించలేదు.

ఆదివారం సాయంత్రం ఫోన్ మోగింది. ఆదివారం ఎవరికీ వంతు లేదు.

"డాక్టరమ్మా, నేనండీ, పెడన నాంచారమ్మని."

మందాకిని కుర్చీలోంచి లేచింది. "కన్ను ఏమైంది? గుచ్చుకుంటోందా?"

"కన్నుకేమండీ, రాయల్లే ఉంది. ఎస్తేరమ్మ చెప్పిందండీ. అందరికీ తమరే ఊ కొడతన్నారంట గదా."

"అవును. అందరివీ బాగానే ఉన్నాయి. మీరేమైనా చెప్పాలా? చెప్పండి, వింటాను."

"నాయి పొద్దున్నుంచీ చెప్పి చెప్పి అయిపోయినయ్యండీ. దవడలు నొప్పులు." ఆవిడ కుర్చీయో పీటో లాక్కున్న చప్పుడు వినిపించింది. "మీ సంగతి ఇనటానికి చేశానండి."

మందాకిని నోరు తెరిచింది. ఇన్నాళ్లూ మింగినవన్నీ ఒక్కసారిగా వచ్చి గొంతులో అడ్డం పడ్డాయి. ఏది ముందు చెప్పాలో తెలియలేదు. ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నాంచారమ్మ తొందరపెట్టలేదు. అటువైపు షెడ్డులో ఎవరో బల్ల గుద్దుతున్నారు, ఆగి ఆగి.

ఇంకా ఏమీ చెప్పకముందే, "ఊఁ," అంది నాంచారమ్మ.